నీటికుక్కల సాక్ష్యం

నీటికుక్క నాకు మొదట పరిచయమైంది జంతువుగా కాదు, సాకుగా.

బెజవాడ వన్‌టౌన్‌లో మాది వలనూలు కొట్టు. నైలాన్ తాడు, కొబ్బరితాడు, వలలకి కట్టే సీసపు గుళ్ళు, తారు డబ్బాలు అమ్మేవాళ్ళం. ఇంట్లో మాత్రం చేప అన్న మాట వినపడితే మా అమ్మ గుమ్మం కడిగేది. చేపలు పట్టే సరంజామా అమ్మి అన్నం తింటూ, చేప వాసనకి ముక్కు మూసుకునే కుటుంబం మాది. అందులో వింతేమీ ఉందనుకోలేదు మేం. చెప్పులమ్మేవాడు చెప్పులు తింటాడా అనేవారు మా నాన్నగారు.

చినిగిన వల చంకన పెట్టుకుని ఎవరో ఒకరు వచ్చి, "నీటికుక్క కొరికేసిందండీ, నూలు గట్టిది కాదు, మార్చి ఇవ్వండి" అనేవారు. మా నాన్నగారు కళ్ళజోడు పైకి తోసి, వలని వెలుతురుకి పట్టి చూసేవారు.

"నీటికుక్క కొరికితే ఇలా కత్తెర్తో కోసినట్టు ఉంటుందా బాబూ? దానికి మంగలి పని కూడా వచ్చా?"

వచ్చినవాడు నవ్వేసేవాడు, లేకపోతే ఇంకో కథ మొదలుపెట్టేవాడు. అలా ఏళ్ళతరబడి విన్నాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. అసలు ఈ నీటికుక్క అనేది ఉందా? లేక మా కొట్టుకొచ్చేవాళ్ళందరూ కలిసి కల్పించారా? జంతుశాస్త్రం చదివాను కాబట్టి పుస్తకంలో ఉందని తెలుసు. పుస్తకాల్లో చాలా ఉంటాయి. కొట్లో పెరిగినదాన్ని, సరుకు చేత్తో తడిమి చూస్తేగాని నమ్మలేను.

ఆ అనుమానమే నా ఉద్యోగమైంది. పరిశోధనకి చేరినప్పుడు మా ప్రొఫెసరు గారు ఎలుకల మీద చెయ్యమన్నారు. డెల్టా పొలాల్లో ఎలుకలకి కొదవ లేదు, ప్రభుత్వం కూడా వాటి మీద మక్కువగా ఉంది. నేను బేరం పెట్టాను. ఎలుకల మీద ఇప్పటికే అయిదుగురు ఉన్నారు, ఒకే వీధిలో ఆరో కిరాణా కొట్టు పెడితే ఎవరు కొంటారండీ అన్నాను. ఆయన నా మొహం చూసి, "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. చెప్పాను. "అనుకున్నాను" అన్నారు. చివరికి బేరం ఇలా తెగింది: నీటికుక్కలు నావి, ఎలుకల వాళ్ళకి అవసరమైనప్పుడు లెక్కల సాయం కూడా నాదే. బేరంలో నేను గెలిచానని చాలాకాలం అనుకున్నాను. లెక్కల సాయం ఎంత ఉంటుందో అప్పుడు తెలియదు.

నీటికుక్కని చూడడం కష్టం, దాని పెంటని చూడడం తేలిక. గుంపంతా కాలువ ఒడ్డున ఒకేచోట, అదీ అందరికీ కనపడేచోట, పెంట వేసి పోతుంది. అది తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, జల్లెడలో కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెడితే చేప పొలుసులు, ముళ్ళు, పీత డిప్పల ముక్కలు తేలతాయి. ఏ పొలుసు ఏ చేపదో తెలిస్తే అది ఏం తిన్నదో తెలిసిపోతుంది. తెలియాలంటే ముందు అన్నిరకాల చేపల ఎముకలూ నా దగ్గర ఉండాలి. అందుకని చేపల బజారుకి వెళ్ళాను. జన్మలో చేప వండని ఆడమనిషి గీచి గీచి బేరమాడి, రకానికి ఒక్కటి చొప్పున కొంటోంది.

"కూరకా అమ్మా?" అంది అమ్మేమనిషి.

"కాదు, ఎముకలకి."

ఆవిడ పక్కామెకేసి చూసింది. పక్కామె నా బొట్టుకేసి, కాళ్ళకేసి చూసింది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా బేరమాడకుండా ఇచ్చేసేవారు. దయతో కాదు, ఏ మంత్రగత్తెనో అని భయంతో. ఆ భయాన్ని నేను సవరించలేదు. నష్టమేముంది?

పొలాల్లో, కాలువ గట్ల మీద మాత్రం వేరే అనుమానం. అవి డెబ్భైల నడిమి రోజులు. సంచీ వేసుకుని, గొడుగు పట్టుకుని, నేలకేసి చూస్తూ నడిచే చదువుకున్న ఆడమనిషి కనపడితే ఊరివాళ్ళకి రెండే ఆలోచనలు. భూపరిమితి ఆఫీసు నుంచి వచ్చి గట్లు కొలుస్తోందని రైతులు గుసగుసలాడుకునేవారు. కుటుంబ నియంత్రణ వాళ్ళ మనిషని మగవాళ్ళు ఇళ్ళల్లోకి పోయేవారు. ఒక ఊళ్ళో నేను వీధిలోకి తిరగ్గానే వీధంతా ఖాళీ. పెంట కోసం వచ్చానని నిజం చెబితే అనుమానం ఇంకా ముదిరేది. అబద్ధం ఆడేవాళ్ళు ఇంతకంటే మంచి అబద్ధం ఆడతారని వాళ్ళకి తోచేది కాదు.

ఇక అసలు సంగతి. ఒక ఏడు వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, కంకిపాడు అవతలి ఊరి నుంచి ఒకాయన మా కొట్టుకొచ్చాడు. పంచాయతీ చేపల చెరువుని వేలంలో పాడుకున్న ఆసామి, అంతకుముందూ మా కొట్టుకి వచ్చినవాడే. పాటదారు గారనే పిలిచేవాళ్ళం. మనిషి తెల్లగా, ఉతికిన పంచెతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు జేబులు తడుముకుంటూ ఉంటాడు. నేను ఆ రోజు కొట్లోనే ఉన్నాను.

"చెరువులో చేప లేదండీ" అన్నాడు మా నాన్నగారితో. "సంవత్సరం కిందట పిల్లలు వదిలాను, కుండలకి కుండలు. ఈపాటికి చెయ్యంత ఉండాలి. వల విసిరితే బురద వస్తోంది. కాపలావాడు అమ్ముకుంటున్నాడు."

"చూశారా మీరు?" అన్నారు నాన్నగారు.

"చూడక్కర్లేదండీ. వాణ్ణి అడిగితే నీటికుక్కలంటాడు."

మా నాన్నగారు నాకేసి చూసి మొహం తిప్పుకున్నారు, నవ్వాపుకోవడానికి. పాటదారు కూడా నాకేసి చూశాడు.

"మీ అమ్మాయిగారు వాటి మీదే ఏదో చదువుతోందటగా? ఓసారి వచ్చి, ఇక్కడ నీటికుక్కల్లేవు, గీటికుక్కల్లేవు అని నలుగురిలో చెబితే చాలు. వాణ్ణి పంపేస్తాను. గట్టుమీద గుడిసె కూడా నాదే, ఖాళీ చేయిస్తాను."

ఆయన పిలిచింది చూడమని కాదు, తనకి కావలసినది చెప్పమని. కొట్లో అలాంటివాళ్ళని చాలామందిని చూశాను. తూకం వేయకముందే "సరిగ్గా ఉంది కదూ" అంటారు. వస్తానన్నాను. వస్తాను కానీ నేను చూసేదాకా కాపలా మనిషిని కదపకూడదు, అది నా షరతు అన్నాను. ఆయన గొణిగాడు. నేను వెళ్ళకపోతే ఇంకెవరూ ఈ పెంటలు ముట్టరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కాను. బెంజ్ సర్కిల్ దాటితే అప్పట్లో ఊరు అయిపోయినట్టే, ఇటూ అటూ పొలాలు. ఆ రోజు ఉయ్యూరు వైపు వెళ్ళే చెరకు బండ్లు రోడ్డంతా ఆక్రమించి, కంకిపాడు చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడి నుంచి రిక్షా.

పంచాయతీ ఆఫీసు వరండాలో అప్పటికే జనం ఉన్నారు. ప్రెసిడెంటు గారు కుర్చీలో, పాటదారు బల్లమీద, కాపలా మనిషి మెట్ల కింద ఎండలో. బక్కపలచని మనిషి, యాభై దాటి ఉంటాయి, తెల్లచొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి తగాదా నీటికుక్కల విషయం దాటి వేరేచోటికి పోయింది.

"ఏరా, చేప ఒక్కటి కూడా అమ్మలేదంటున్నావుగా, ప్రమాణం చెయ్యి" అన్నాడు పాటదారు. "దీపం వెలిగించి ఆర్పుతావా, కర్పూరం ఆర్పుతావా, నీ ఇష్టం."

"మేం ఆ పనులు చెయ్యమండీ. మేం చర్చికి పోయేవాళ్ళం."

"సరే, మీ పుస్తకం తెప్పించు. దాని మీదే చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన తన దృష్టిలో చాలా ధర్మంగా మాట్లాడారు.

"పుస్తకంలోనే వద్దని ఉందండయ్యా. అవునంటే అవునని, కాదంటే కాదని. అంతకుమించి అనకూడదండి. అమ్మలేదండి నేను."

"ఒట్టు పెట్టుకోడట!" అని వరండా అంతా ఒక్కసారి కదిలింది. "దొంగైతేనేగా భయం!" అన్నారొకరు. "వాడి మతంలో దొంగలకి మంచి సదుపాయం ఉందిరోయ్" అన్నారింకొకరు. పాటదారు ఇక గెలిచినట్టే పంచె సర్దుకున్నాడు.

నాకు ఆ మనిషి మీద నమ్మకం కలిగిందని చెబితే అబద్ధం. కొట్లో ఒట్లు పెట్టుకునేవాళ్ళని నేను చాలామందిని ఎరుగుదును. పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నవాడు మూరకి జానెడు తక్కువ కొలుస్తాడు. కాని అసలు ఒట్టే పెట్టుకోనివాడికి ఏ ధర కట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఇది మహా అమాయకత్వమా, మహా తెలివా? రెండిట్లో ఏదైనా కావచ్చు. చెరువు చూస్తానన్నాను.

చెరువు గట్టు చుట్టూ తిరిగాను. కాపలా మనిషి నా వెనక పదిబారల దూరంలో వచ్చాడు. అతని వెనక ఇంకో పదిబారల దూరంలో పాటదారు వచ్చాడు. ఒకరినొకరం నమ్మని ముగ్గురం అలా వరసగా నడిచాం. తూము దగ్గర రాళ్ళ మీద పెంటకుప్పలు కనపడ్డాయి. పాతవి తెల్లబడి, కొత్తవి నల్లగా, జిగురుగా. గొడుగు పక్కన పడేసి వంగాను. నీటికుక్కలు ఉన్నాయి, గుంపు కూడా చిన్నది కాదు.

"ఇవి వీడే ఎక్కడి నుంచో తెచ్చి పోశాడేమో" అన్నాడు పాటదారు.

"దాని పెంట ఎక్కడ దొరుకుతుందో వెతికి, ఎత్తుకొచ్చి, ఇంత అందంగా అమర్చాడంటారా?"

"మీరు వెతికి తెస్తున్నారు కదండీ" అన్నాడాయన. నేను సంచీ విప్పి, కొత్త కుప్పని ఎత్తడం మొదలుపెట్టాను.

ఊళ్ళో ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో ఉండి, కొన్నాళ్ళు ప్రతి పొద్దునా వెళ్ళి పెంటలు పోగుచేశాను. కాలువలో నీళ్ళు ఆపేసేసరికి ఇవి చెరువుల దారి పట్టాయని అర్థమైంది. ఒక ఉదయం వాటిని చూశాను కూడా. నాలుగైదు తలలు నీళ్ళ మీద నల్లగా, చేప నోట పెట్టుకుని నిలువుగా తేలుతూ, గిలగిల కొట్టుకునే తోకని చేతుల్తో పట్టుకుని తింటున్నాయి, మన పిల్లలు జామకాయ తిన్నట్టు. ఏ చేపో దూరం నుంచి తెలియలేదు.

కాపలా మనిషి భార్య నన్ను గుడిసె ముందు ఆపింది. చేతిలో చీపురు అలాగే ఉంది.

"ఈ పెంటతో మా ఆయన్ని జైల్లో పెట్టిస్తారా అమ్మా?"

"పెంటలో ఏముంటే అది చెబుతానమ్మా."

"ఏముంటది? పెంటలో పెంటే ఉంటది. మీరేం చెప్పినా ఆయనకేం పర్లేదు, ఒట్టు పెట్టుకోనంటాడు. పిల్లల్ని పెట్టుకుని రోడ్డున పడేది నేను." అని గట్టిగా ఊడవడం మొదలుపెట్టింది, దుమ్మంతా నా మీదికే వచ్చేలా.

నా అనుమానం మాత్రం నిద్రపోలేదు. అతను సైకిలు వెనక బుట్ట కట్టుకుని, దాని మీద తడిగోనె కప్పి కంకిపాడు వెళ్ళడం చూశాను. తడిగోనె దేనికి కప్పుతారు? చేపలకేగా! ఒకరోజు గట్టుమీద ఎదురుపడితే ఆపాను.

"బుట్టలో ఏంటి బాబాయ్?"

"నత్తలండీ. బాతులు పెంచే ఆసామికి."

నేను గోనె ఎత్తి చూశాను. నత్తలే. కింద కూడా చెయ్యి పెట్టి చూశాను. కింద కూడా నత్తలే. అతను గోనె మళ్ళీ కప్పి, అంచులు లోపలికి దోపి, సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. కాదంటే కాదని చెప్పే మనిషికి బుట్ట అడుగుదాకా చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అతని మెడ చూస్తే తెలిసింది. అయినా చెయ్యి పెట్టకుండా నేను ఉండగలిగేదాన్ని కాదు.

సంచీలన్నీ మా కాలేజీకి తెచ్చి వెనక వరండాలో నానబెట్టాను. అటెండరు ఆ వారమంతా ఆ వైపు రాలేదు. కడిగినవి ఆరబెట్టి, భూతద్దం కింద పరిచి కూర్చున్నాను. పాటదారు వదిలినవి శీలావతి, బొచ్చె పిల్లలు. వాటి పొలుసు పల్చగా, అద్దం పెచ్చులా ఉంటుంది. కొరమీను పొలుసు మొరటు. మార్పు అనే మీసాల చేపకి పొలుసే ఉండదు, రంపం లాంటి ముల్లు ఉంటుంది.

మొరటు పొలుసులు దండిగా. రంపం ముళ్ళు దండిగా. పీత డిప్పలు. అద్దం పెచ్చు ఒకటీ అరా.

కుర్చీలో వెనక్కి వాలాను. అంటే నీటికుక్కలు పాటదారు చేపలు తినడం లేదు. కాపలా మనిషి చెప్పింది తప్పు. నీటికుక్కలు తినకపోతే, చేపలు చెరువులో లేకపోతే, మనిషే తీశాడు. ఇలా చెప్పడానికి నాకు అర నిమిషం చాలు. చెబితే పాటదారుకి సంతోషం, నా పనికి పేరు, గుడిసె ఖాళీ.

ఇంత సులువుగా తెగిన బేరమంటే నాకు భయం. ఎదుటివాడు మొదటి మాటకే ఒప్పుకుంటే సరుకులో ఏదో ఉంది. మళ్ళీ భూతద్దం పట్టాను.

నీటికుక్క పంతులు కాదు, నియమాలు ఉండవు. సులువుగా దొరికింది తింటుంది. శీలావతి మెత్తని చేప, మందకొడిగా గుంపులో తిరుగుతుంది. కొరమీను బురదలో దూరుతుంది, మార్పు ముల్లు గుచ్చుతుంది. చెరువు నిండా శీలావతి ఉంటే ఏ నీటికుక్కైనా దాన్ని వదిలేసి బురదలో తల దూర్చి ముళ్ళు గుచ్చుకుంటుందా? తినలేదంటే అక్కర్లేక కాదు. ఉండి ఉండవు. మరి పాత పెంటలు కూడా తెచ్చానుగా, చెరువులో నీళ్ళు నిండుగా ఉన్నప్పటివి, తెల్లబడినవి? వాటిలో కూడా శీలావతి లేదు. కాపలా మనిషి మొన్నమొన్న అమ్ముకుని ఉంటే పాతవాటిలోనైనా ఉండాలి కదా.

కొరమీను వెన్నుపూసలు చేతిలోకి తీసుకున్నాను. నా దగ్గరున్న నమూనా కంటే చాలా లావు. ఒక ఏడాదిలో ఈ చేపలు ఏం తిని ఇంత బలిశాయి?

అప్పుడు పాటదారు బేరం గుర్తొచ్చింది. కిందటేడు చెరువు నింపే ముందు మా కొట్టుకొచ్చి, తూముకి కట్టే సన్నకళ్ళ వల చూపించమన్నాడు. కాలువ నీళ్ళతో పాటు అడ్డమైన చేపా లోపలికి రాకుండా కట్టే వల అది. సాయంత్రందాకా కూర్చుని, కళ్ళు వెడల్పన్నాడు, నూలు పల్చనన్నాడు, మా నాన్నగారి చేత రెండుసార్లు మజ్జిగ తెప్పించుకుని తాగి, చివరికి కొనకుండా లేచిపోయాడు. అంతసేపు బేరమాడి కొననివాళ్ళని మా నాన్నగారు మరిచిపోరు. నేనూ మరిచిపోలేదు.

నీళ్ళతో కొరమీను పిల్లలూ, మార్పులూ లోపలికొచ్చాయి. పాటదారు కుండలు కుండలుగా వదిలిన చేపపిల్లలు వాటికి విందు. నీటికుక్కలు వచ్చేనాటికి చెరువులో మిగిలినవి ఆ విందు తిన్నవాళ్ళే. ఇదంతా నా ఊహ. పొలుసు రుజువు, మిగతాది లెక్క. లెక్క నిజమో కాదో చెరువే చెప్పాలి.

మళ్ళీ పంచాయతీ వరండా. ఈసారి జనం ఇంకా ఎక్కువ. కాపలా మనిషి భార్య కూడా వచ్చి గోడ పక్కన నిలబడింది.

"నీటికుక్కలు ఉన్నాయండీ" అన్నాను. "కాని అవి పాటదారు గారి చేపలు తినలేదు."

"విన్నారా!" అని లేచాడు పాటదారు. "చదువుకున్న పిల్ల చెప్పింది. ఏరా, ఇంకేం చెబుతావు?"

కాపలా మనిషి నా కళ్ళలోకి చూశాడు. కోపం లేదు. ఇదీ ఇలాగే అవుతుందని ముందే తెలిసినవాడిలా చూశాడు. అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"కూర్చోండి, సగమే చెప్పాను. మిగతా సగం చెరువులో ఉంది. పెద్దవల లాగించండి, ఈ కొస నుంచి ఆ కొసకి."

"ఇప్పుడా? నీళ్ళు సగానికి పోయాయి. బురద లేస్తే ఉన్న నాలుగూ చస్తాయి."

"ఏమీ లేవంటున్నారుగా, ఉన్న నాలుగూ ఎక్కడివండీ?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"వల బాడుగ ఎవరిస్తారు?"

"వల మా కొట్టుది, నేను తెప్పిస్తాను. లాగేవాళ్ళని మీరు పెట్టుకోండి."

"లాగేవాళ్ళనీ మీరే పెట్టుకోండి."

"అయితే వచ్చిన చేప కూడా నేనే తీసుకెళతాను."

ఆయన ఆగాడు. చేప ముట్టని ఇంటిదాన్ని చేప తీసుకెళతానంటే నిజమా ఆటా అని తేల్చుకోలేకపోయాడు. ఆ ఒక్క క్షణం చాలు నాకు. ప్రెసిడెంటు గారు "లాగించండయ్యా, తేలిపోతుంది" అన్నారు.

వల లాగుతున్నంతసేపూ గట్టు మీద వాళ్ళతో పాటే నడిచాను. నా లెక్క తప్పితే ఆ మనిషి ఇంటికప్పు నా నోటితోనే పీకించినట్టు. వల బరువుగా కదిలింది. ఒడ్డుకు దగ్గరౌతున్నకొద్దీ బురదనీళ్ళు కుతకుతలాడాయి. మొదట ఒక నల్లటి వీపు ఎగిరింది. తర్వాత పది. తర్వాత లెక్క పెట్టడానికి లేదు. మోచెయ్యంత కొరమీనులు పాముల్లా మెలికలు తిరుగుతూ, వల మీదినుంచి దూకుతూ. వాటి మధ్య మీసాలు ఆడిస్తూ మార్పులు. ఎక్కడో అడుగున, దారి తప్పి వచ్చినట్టు రెండు మూడు బొచ్చెలు.

"ఇవన్నీ ఎక్కడ నుంచి వచ్చాయి?" అన్నాడు పాటదారు, నమ్మలేనట్టు.

"తూములోంచి. వల కట్టలేదుగా. మీ చేపపిల్లల్ని ఇవి మింగేశాయి; నీటికుక్కలు సులువుగా దొరికింది తింటాయి, మీ శీలావతి ఉంటే వీటి జోలికి వచ్చేవి కావు."

ఆయన మొహంలో నష్టం కనపడింది, వెంటనే ఇంకేదో కనపడింది. కొరమీను ప్రియమైన చేప, బజారులో శీలావతి కంటే ముందు అమ్ముడుపోతుంది. పక్కనున్నవాడితో ఏదో గుసగుసలాడి, బుట్టలు తెమ్మని కేకలేశాడు. క్షమాపణ అన్నది ఆయన సరుకుల్లో లేదు. కాపలా మనిషి వైపు తిరిగి, "చూస్తావేంరా, పట్టు ఆ కొస. జారిపోతున్నాయి" అన్నాడు. ఆ మాటతో అతని పని నిలబడింది. అతను చొక్కా విప్పి మడతపెట్టి భార్యకిచ్చి నీళ్ళలోకి దిగాడు. ఆవిడ నాకేసి చూసి చొక్కాని గుండెకి అదుముకుంది.

పై ఏడు వేసవిలో మళ్ళీ వెళ్ళాను, నా సొంత పనిమీద. పాటదారు ఈసారి మా కొట్లో సన్నకళ్ళ వల కొన్నాడు, మజ్జిగ తాగకుండానే. చెరువు ముందే ఎండగట్టి, తూముకి వల కట్టి, శీలావతి వదిలాడు. గట్టుమీద నన్ను చూసి ఆప్యాయంగా పలకరించాడు.

"మీరే చెప్పారు కదమ్మాయిగారూ, సులువుగా దొరికింది తింటాయని! ఇప్పుడు సులువుగా దొరికేవన్నీ నావే. అందుకే మన కాపలావాణ్ణి పగలంతా డబ్బా కొట్టమన్నాను. ఒక్క నీటికుక్క కనపడిందో, వీడి పని ఆఖరు."

ఆయన తప్పేమీ చెప్పలేదు. నేను చెప్పిన మాటకే ఆయన లెక్క కట్టాడు. ఒక మనిషికి గుడిసె నిలబెట్టిన వాక్యమే నా జంతువుల్ని చెరువులోంచి వెళ్ళగొడుతోంది. రెండువైపులా లాభం వచ్చే బేరం నేను ఇంతవరకు చూడలేదు. చూశామన్నవాళ్ళని నమ్మలేదు కూడా.

పాటదారు వెళ్ళాక తూము దగ్గరికి నడిచాను. కాపలా మనిషి కిరసనాయిలు డబ్బా మెడలో వేలాడదీసుకుని, కర్రతో కొడుతూ, గట్టు ఆ చివర నుంచి వస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నీటికుక్కలు వస్తున్నాయా బాబాయ్?"

"డబ్బా కొడుతూనే ఉన్నానండీ" అన్నాడు.

అడిగింది అది కాదు. అతనికీ తెలుసు. అతను కాదనలేదు, అవుననలేదు. డబ్బా కర్రని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అతని వెనక, తూము పక్క రాతి మీద, నల్లగా, జిగురుగా, ఇంకా తడి ఆరని కుప్ప ఒకటి ఉంది. ఎండకి అందులో అద్దం పెచ్చులు తళతళలాడుతున్నాయి.

జన్మలో మొదటిసారి రెండో ప్రశ్న అడగలేదు నేను. సంచీ తీసి, అతను చూస్తుండగానే ఆ కుప్ప మొత్తం ఎత్తి మూటకట్టాను, పాటదారు కంటపడకుండా. అతను చెరువులోంచి డబ్బా ముంచి నీళ్ళు తెచ్చి, రాయి కడిగేశాడు.